బడి చెప్పిన ట్యాబే కొనాలా? మొత్తం ఎంత ఖర్చుకు సిద్ధపడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పాప వచ్చే ఏడాది ఏడో తరగతి. బడి నుంచి సర్క్యులర్ వచ్చింది. ఫలానా మోడల్ ట్యాబ్, దానికి కీబోర్డు కవరు, స్టైలస్ (తెర మీద రాసే పెన్ను), రెండు యాప్‌ల వార్షిక చందా, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ. వాళ్లు చెప్పిన విక్రేత దగ్గరే కొనాలి. ఇంట్లో ఇప్పటికే ఒక ల్యాప్‌టాప్ ఉంది. ప్యాకేజీ తప్పదా, తప్పకపోతే చివరికి ఎంత తేలుతుంది, రెండేళ్ల తర్వాత బాబుకు మళ్లీ ఇదంతా మొదటి నుంచి కొనాలా అని మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను.

డబ్బు కట్టకముందే, మోడల్ పేరు పక్కన పెట్టి, కనీసం ఏమేం ఉంటే చాలో బడిని రాతలో అడగండి. మోడల్ పేరు పట్టుకుని కూర్చున్న బడులు కూడా రాసి అడిగేసరికి "దీనికి సమానమైనది ఏదైనా పర్వాలేదు" అనే మాటకు రావడమే నేను ఎక్కువగా చూశాను. ట్యాబ్ ధర 100 అనుకుంటే నాలుగేళ్లకు 180 నుంచి 200 వరకు చేతి చమురు వదులుతుందని ముందే లెక్క వేసుకోండి. ఇక బాబు సంగతి: యంత్రం చేతులు మారుతుంది, దాంతో కొన్న లైసెన్సులు చాలావరకు మారవు.

నేను పద్నాలుగేళ్లు బడుల సాంకేతిక విభాగంలో పనిచేశాను. మీ చేతికొచ్చిన సర్క్యులర్ లాంటివి రాసే బల్ల వైపు కూర్చున్నదాన్ని. తర్వాత నా ఇద్దరు పిల్లల పుణ్యమా అని వాటిని అందుకునే వైపుకూ వచ్చాను. అటు ఉన్నప్పుడు కనబడని లెక్కలు కొన్ని ఇటు వచ్చాకే కనబడ్డాయి.

ఒకే మోడల్ అని బడి ఎందుకు పట్టుబడుతుంది

కొంత న్యాయమే ఉంది, అది ముందు చెప్పాలి. నలభై నిమిషాల పీరియడ్‌లో ముప్పై మంది పిల్లల దగ్గర ఐదు రకాల యంత్రాలుంటే "టీచర్, నాకు ఆ బటన్ కనబడట్లేదు" అనే మాటతోనే పావుగంట పోతుంది. పరీక్షలు యంత్రం మీదే పెడితే, ఆ సమయంలో మిగతావన్నీ మూసేసే సాఫ్ట్‌వేర్ కావాలి. ఉదాహరణకు సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ అనేది విండోస్, మ్యాక్, ఐప్యాడ్‌ల మీద నడుస్తుంది, గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో వచ్చే ల్యాప్‌టాప్‌లైన క్రోమ్‌బుక్‌ల మీద నడవదు. అలాంటిది వాడే బడి "మీ ఇష్టం వచ్చింది తెచ్చుకోండి" అనలేదు. అది మొండితనం కాదు.

కానీ అన్ని కారణాలూ అంత బలమైనవి కావు. నా సంగతే చెబుతాను. ఒక ఏడాది నేను రాసిన సర్క్యులర్‌లో ఒక మోడల్ పేరు పెట్టాను. ఎందుకంటే నా గదిలో ఆ రకం ఛార్జర్లు పది మిగిలి ఉన్నాయి, దాన్ని విప్పి బిగించడం నాకు అలవాటు. అంతే. వాడే సాఫ్ట్‌వేర్ అంతా బ్రౌజర్‌లో నడిచేదే. ఒక తండ్రి వచ్చి ఎంతో మర్యాదగా "అమ్మా, ఈ పేరులో మా పిల్లకు అవసరమైనది ఏది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మరుసటి ఏడాది నుంచి పేరు తీసేసి, కావలసినవి అర పేజీలో రాయడం మొదలుపెట్టాను. దానివల్ల నాకు పని పెరిగింది, అబద్ధం చెప్పను. ఎవరి వైఫై ఎందుకు అంటుకోవడం లేదో చూడటానికే మొదటి నెల సరిపోయింది.

కాబట్టి మీరు అడగాల్సింది ఈ మోడల్ పాఠం కోసమా, పరీక్ష కోసమా, నిర్వహణ సౌకర్యం కోసమా అని. మొదటి రెండూ అయితే ఒప్పుకోండి. మూడోదైతే మాట్లాడటానికి చోటుంది. నాలుగో కారణం ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరూ కాగితం మీద పెట్టరు. విక్రేత బడికి ఉచితంగా ఇచ్చే కొన్ని యంత్రాలో, ఉపాధ్యాయులకు శిక్షణో, తరగతి గదికి తెరో. అదంతా తప్పని నేను అనను, కానీ ఆ ఉచితం ఎవరి ప్యాకేజీలో కలిసి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ప్యాకేజీలోని ఒక్కో వస్తువు ధర విడివిడిగా రాసిమ్మనండి. విడదీసి చెప్పలేని విక్రేత ఏదో ఒకటి దాస్తున్నట్టే లెక్క.

100 కాస్తా 200 ఎలా అవుతుంది

సర్క్యులర్‌లో పెద్ద అక్షరాల్లో ఉండేది యంత్రం ధర. తడిసి మోపెడయ్యేది మిగతాదంతా.

మొదట బ్యాటరీ. మామూలు లిథియం అయాన్ బ్యాటరీలు 300 నుంచి 500 పూర్తి ఛార్జింగుల తర్వాత మొదటి సామర్థ్యంలో 80 శాతానికి అటూ ఇటూగా దిగుతాయి. మంచి రకాలు 1000 దాకా లాగుతాయి. బడి ఏడాదికి 200 రోజులు, రోజుకు ఒక ఛార్జింగ్ అనుకుంటే రెండున్నరేళ్లకే మామూలు రకం గీత దాటుతుంది. అప్పటినుంచి మధ్యాహ్నానికే పాప "ప్లగ్ దగ్గర సీటు" కోసం వెతుక్కోవాలి. అందుకే కొనేటప్పుడే అడగాల్సిన మాట: బ్యాటరీ మార్చడం కుదురుతుందా, ఎవరు మారుస్తారు? తెర వెనక జిగురుతో అతికించిన బ్యాటరీ ఉన్న చవక ట్యాబ్‌లను బాగుచేసేవాళ్లు ముట్టుకోరు. ముట్టుకున్నా అడిగే డబ్బుకు కొత్తదే నయమనిపిస్తుంది.

తర్వాత విరిగేవి. మా గదికి వచ్చిన యంత్రాల్లో పగిలిన తెరలు ఉండేవి, నిజమే. కానీ వాటితో సమానంగా వచ్చినవి ఛార్జింగ్ రంధ్రం వదులైనవి. పిల్లలు తీగ తగిలించే ఉంచి ఒళ్లో పెట్టుకుంటారు, తీగ మీదే బరువు ఆనుతుంది. ఇంకొకటి: బ్యాగులో పుస్తకాల మధ్య నిలబెట్టకుండా పడుకోబెట్టి, పైన నీళ్ల సీసా వేయడం. తెర మీద ఒక మూల తెల్లటి మచ్చ వచ్చిందంటే అదే. నాణ్యమైన కవరు మీద పెట్టిన డబ్బు వృథా పోదు. ప్యాకేజీలో ఇచ్చే పలచటి కవరు సంగతి అలా కాదు. మూలలకు మెత్తటి గట్టు ఉందో లేదో చేత్తో పట్టుకుని చూడండి.

స్టైలస్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఐప్యాడ్‌ల కోసం యాపిల్ అమ్మే స్టైలస్, యాపిల్ పెన్సిల్‌లోనే నాలుగు రకాలున్నాయి, ఏ ఐప్యాడ్‌కు ఏది పనిచేస్తుందో వేరు. బంధువులిచ్చిన పాత పెన్సిల్ కొత్త ఐప్యాడ్ మీద గీత కూడా గీయకపోవచ్చు. పైగా అన్ని ఉపకరణాల్లోకీ ముందు పోయేది ఇదే. ఏ పాఠానికి స్టైలస్ కావాలో అడగండి. గణితం చేత్తో రాసి పంపాలంటే కావాలి. జవాబులు గుర్తు పెట్టడానికైతే వేలు చాలు.

ఛార్జర్ గురించి ఒక్క మాట. యూఎస్‌బీ సీ రంధ్రం ఉన్నదే తీసుకోండి. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు నుంచి కొత్తగా అమ్మే ఫోన్లు, ట్యాబ్‌లకు దాన్ని తప్పనిసరి చేసింది కాబట్టి ఎక్కడ చూసినా అదే దొరుకుతోంది. ఒకటి పోతే ఇంట్లో ఇంకొకటి ఉంటుంది.

ఇన్సూరెన్స్ అంటే ఏది? పొడిగించిన వారంటీ వేరు, ప్రమాద బీమా వేరు. వారంటీ తయారీ లోపాలకు. మీ పాప చేతిలోంచి జారిపడితే అది వర్తించదు. రెండింటికీ ఒకే పేరు పెట్టి అమ్ముతుంటారు. నాలుగు విషయాలు చూడండి: కిందపడి పగిలితే ఇస్తారా, దొంగతనం కలిసి ఉందా, ప్రతి క్లెయిముకూ మీరు ముందు ఎంత కట్టాలి, నాలుగేళ్లలో ఎన్ని క్లెయిములు. మాకు తెలిసిన ఒక కుటుంబం మూడేళ్లు బీమా కట్టింది. తెర పగిలినప్పుడు తీరా చూస్తే క్లెయిముకు ముందు కట్టాల్సిన మొత్తం కొత్త తెర ఖరీదులో సగం పైనే ఉంది. చవక యంత్రానికి బీమా బదులు అదే డబ్బు ప్రతి నెలా ఒక డబ్బాలో వేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఖరీదైనదానికి, అదీ బస్సులో వెళ్లే పిల్లలకు, ప్రమాద బీమా తీసుకోండి.

ఎవరూ చూడని తేదీ

ఇక్కడ కాస్త ఆగి చదవండి. ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే.

ప్రతి యంత్రానికీ అప్‌డేట్లు ఆగిపోయే రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజు యంత్రం ఆగిపోదు, మామూలుగానే వెలుగుతుంది. కానీ కొన్నాళ్లకు పరీక్ష సాఫ్ట్‌వేరో, బడి యాపో "మీ వెర్షన్ పాతది" అని లోపలికి రానివ్వదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీతో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి పైది కావాలి. బాగా నడుస్తున్న ల్యాప్‌టాప్‌లు ఎన్నో కేవలం ఈ నిబంధన వల్ల పక్కకు పోయాయి.

క్రోమ్‌బుక్‌ల సంగతి ఇంకొంచెం తిరకాసు. 2021 నుంచి విడుదలైన వాటికి పదేళ్ల పాటు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023 సెప్టెంబరులో ప్రకటించింది. వినడానికి బాగుంది. అయితే ఆ పదేళ్లు మీరు కొన్న రోజు నుంచి మొదలవ్వవు. ఆ యంత్రం లోపలి ప్లాట్‌ఫాం, అంటే దాని ప్రాసెసర్, బోర్డుల రకం, మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి మొదలవుతాయి. ఐదేళ్ల కిందటి ప్లాట్‌ఫాం ఉన్న యంత్రం ఇవాళ పెట్టెలోంచి కొత్తగా తీసినా దాని ఆయుష్షు సగం అయిపోయినట్టే. గిడ్డంగిలో మిగిలిపోయిన సరుకు బడుల ప్యాకేజీల్లోకి చేరడం నేను కళ్లారా చూశాను. డిస్కౌంటు ఎందుకింత అని అడిగితే, "పెద్ద ఆర్డరు కదా" అన్నారు. కొన్నవాళ్లకు మూడో ఏడాదే మళ్లీ కొనాల్సి వచ్చింది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో ఈ తేడాలు ఇంకా ఎక్కువ, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క.

అందుకే మోడల్ నంబరు తీసుకుని, అప్‌డేట్లు ఎప్పటిదాకా అని తయారీదారు సైట్లో వెతకండి. ఆ తేదీ మీ పాప ఆ బడి వదిలే తేదీ తర్వాత ఉండాలి. ముందుంటే ఎంత చవకైనా వద్దు. నా చిన్నవాడికి కొన్నప్పుడు నేనే ఈ తేదీ చూడలేదు. పద్నాలుగేళ్లు ఈ పనిలో ఉండి కూడా. ఇంట్లోవాళ్లు ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు.

యాప్‌లు, ఈ-బుక్‌లు

యంత్రం ఒకసారి కొంటాం, చందా ఏటా కడతాం. నాలుగేళ్లకు కూడితే చాలా ఇళ్లలో చందాల మొత్తమే యంత్రం ధరతో పోటీపడుతుంది. అన్నిటికన్నా ఎక్కువ వృథా కూడా ఇక్కడే. యునెస్కో 2023లో విద్యలో సాంకేతికత మీద పెద్ద నివేదిక వేసింది. అమెరికాలో విద్యా సాఫ్ట్‌వేర్ లైసెన్సుల్లో సగటున 67 శాతం అసలు వాడకుండానే పడి ఉన్నాయని అందులో ఉంది. ఈ ఉత్పత్తులు సగటున 36 నెలలకోసారి మారిపోతాయనీ ఉంది. అంటే నాలుగేళ్ల చదువులో కనీసం ఒక్కసారి "ఈ ఏడాది నుంచి కొత్త యాప్" అనే సర్క్యులర్ వస్తుందని ముందే అనుకోండి.

గతేడాది ఈ యాప్‌ను వారానికి ఎన్నిసార్లు వాడారు అని పై తరగతి పిల్లల్ని అడగండి. బడిని అడగడం కన్నా ఇది మేలు. పిల్లలు దాచరు. "మొదటి నెల వాడాం, తర్వాత టీచర్ మారిపోయారు" అన్నారంటే మీకు తెలియాల్సింది తెలిసినట్టే. వాడనిదానికి మొదటి టర్ము చూసి కడతామని అడగొచ్చు. కొన్ని బడులు ఒప్పుకుంటాయి.

ఈ-బుక్‌ల, అంటే తెర మీద చదివే పుస్తకాల విషయంలో బాబును గుర్తుంచుకోండి. అచ్చు పుస్తకం అక్క నుంచి తమ్ముడికి వెళ్తుంది. అట్ట చిరిగినా అక్షరాలు పోవు. ఈ-బుక్‌కు కట్టిన డబ్బు సాధారణంగా ఒక పేరు మీద, ఒక ఏడాదికి. గడువు తీరితే పాపకు కూడా తెరుచుకోదు. కిందటేడు పాఠం మళ్లీ చూసుకోవాలన్నా కుదరదు. రెండు రూపాల్లోనూ దొరికితే నేను అచ్చుదే తీసుకుంటాను, తర్వాతి బిడ్డ ఉన్న ఇంట్లో అయితే మరీనూ.

పరీక్ష ఏం కోరుతుందో కూడా చూడండి. ఏళ్ల తరబడి గ్రాఫులు గీసి చూపే గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ పై తరగతుల పిల్లలకు తప్పనిసరి ఖర్చు. ఇవాళ అమెరికా కాలేజీ ప్రవేశాలకు రాసే డిజిటల్ శాట్ పరీక్షలో డెస్మోస్ అనే గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ తెరలోనే ఇస్తారు, విడిగా వాడుకోవడానికీ అది ఉచితమే. అయినా పాత జాబితాను అలాగే ఏటా అచ్చు వేసే బడులున్నాయి. జాబితా రాసినవారికి ఆ వస్తువు ఇంకా ఎందుకుందో గుర్తుండదు. నేనూ అలా అచ్చు వేసినదాన్నే.

మీరు కొన్నది ఎవరిది?

చాలా బడులు పిల్లల యంత్రాలను తమ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లో చేరుస్తాయి. ఏ యాప్ వేయాలి, ఏ సైటు తెరుచుకోవాలి అన్నీ బడి నుంచే నడుస్తాయి. బడి కొని ఇచ్చిన యంత్రమైతే అందులో తప్పేం లేదు. మీ డబ్బుతో కొన్నదైతే మూడు సంగతులు ముందే తేల్చుకోవాలి.

ఒకటి, ఇంటికొచ్చాక కూడా ఆంక్షలు ఉంటాయా, లేక బడి వేళల్లోనేనా. ఇంట్లో అక్క కాలేజీ దరఖాస్తుకు అదే యంత్రం వాడదామంటే సైటు తెరుచుకోని ఇళ్లున్నాయి. రెండు, పిల్ల బడి మారితే ఆ నిర్వహణ నుంచి యంత్రాన్ని ఎవరు, ఎన్ని రోజుల్లో తీసేస్తారు. ఇది రాతలో లేకపోతే చిక్కే. మొత్తం చెరిపేసి మొదటి నుంచి మొదలుపెట్టినా అది మళ్లీ పాత బడి పేరే అడుగుతుంది. అలాంటిదాన్ని అమ్మలేరు, తమ్ముడికి ఇవ్వలేరు. ఉద్యోగం మారిపోయిన నా పాత సహోద్యోగుల్ని పట్టుకుని అలా ఇరుక్కున్న యంత్రాలు విడిపించిన రోజులున్నాయి. మూడు, బడికి ఏం కనబడుతుంది. తెరా, లొకేషనా, తెరిచిన సైట్ల జాబితానా?

ఈ మూడోది తేలిగ్గా తీసుకోకండి. మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ 2022లో 49 దేశాల్లో ప్రభుత్వాలు సిఫారసు చేసిన 160కి పైగా విద్యా యాప్‌లు, సైట్లను పరిశీలిస్తే, 89 శాతం పిల్లల హక్కులకు భంగం కలిగించే లేదా కలిగించగల రీతిలో సమాచారం సేకరిస్తున్నట్టు తేలింది. "ఉచిత యాప్" అని సర్క్యులర్‌లో ఉంటే దాని ఖర్చు వేరే చోట పడుతోందేమో అడగాలి.

అసలు ఇదంతా చదువుకు పనికొస్తుందా?

మీరు అడగలేదు, కానీ ఇంత డబ్బు పెట్టేవాళ్లకు ఆ ప్రశ్న రాక మానదు. పెరూలో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచిన పథకం మీద 319 ప్రాథమిక బడుల్లో చేసిన అధ్యయనంలో, గణితం, భాషల మార్కుల్లో తేడా కనబడలేదు. యంత్రం ఒక్కటే ఇస్తే అంతే. దాన్ని పాఠంలో కలుపుకునే ఉపాధ్యాయులున్న తరగతిలో మాత్రం బాగా ఉపయోగపడటం నేను చూశాను. చూపు మందగించిన ఒక అమ్మాయి అక్షరాలు పెద్దవి చేసుకుని మొదటిసారి అందరితో పాటే చదవగలిగింది. కాబట్టి వద్దనడం నా ఉద్దేశం కాదు. రోజుకు ఎన్ని పీరియడ్లు వాడతారో అడిగి, దానికి తగ్గ యంత్రం కొనమంటున్నాను. వారానికి రెండు పీరియడ్ల కోసం ఖరీదైన మోడల్ ఎందుకు?

ఏది కొంటే చాలు

బడి సమానమైనదానికి ఒప్పుకుంటే ఇదీ నా కొలత. ల్యాప్‌టాప్ అయితే 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ (పాత హార్డ్ డిస్క్ కన్నా వేగమైన) స్టోరేజీ. 4 జీబీ వద్దు, చవక మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచలేం. ఈఎంఎంసీ (బోర్డుకే అతికించిన చవక రకం) అని రాసి ఉన్న చిన్న స్టోరేజీ ఉన్నవాటిని వదిలేయండి, రెండేళ్లకు అప్‌డేటు వేయడానికే చోటు చాలదు. వ్యాసాలు రాసే వయసు పిల్లలకు ట్యాబ్ కన్నా నిజమైన కీబోర్డు మేలు. ట్యాబ్‌కు తగిలించే కీబోర్డు కవరుతో కలిపి చూస్తే ధరలో పెద్ద తేడా కూడా మిగలదు.

ఆఫీసుల నుంచి తిరిగివచ్చి, బాగుచేసి అమ్మే ల్యాప్‌టాప్‌లంటే నాకు ఇష్టం. అవి గట్టివి, భాగాలు దొరుకుతాయి, బ్యాటరీ మార్చడం తేలిక. కనీసం ఆరు నెలల వారంటీ, బిల్లు, విండోస్ 11 అధికారికంగా నడుస్తుందన్న రుజువు ఉండాలి. పాత యజమాని సంస్థ లాక్ లేదని మీ ముందే తెరిచి చూపించమనండి.

డబ్బు సర్దుబాటు కాకపోతే

ఈ భాగం ఎవరూ అడగరు, సిగ్గుపడతారు. ఒక ఏడాది ఒక అబ్బాయి రోజూ "ట్యాబ్ ఇంట్లో మర్చిపోయా" అనేవాడు. ఆరు వారాల తర్వాత తెలిసింది, ఇంట్లో ట్యాబే లేదని. అమ్మ ఫోన్‌లో రాత్రి పదింటికి హోంవర్కు చేసేవాడు. మా స్టోరు గదిలో అప్పటికి నాలుగు యంత్రాలు ఖాళీగా ఉన్నాయి. అడిగితే అదే రోజు ఇచ్చేవాళ్లం. చాలా బడుల్లో ఇలాంటివి కొన్ని ఉంటాయి, ప్రకటించరు. తరగతి ఉపాధ్యాయులను కాకుండా నేరుగా ప్రధానోపాధ్యాయులను కలిసి, అరువు యంత్రం ఉందా, వాయిదాల్లో కట్టొచ్చా అని అడగండి.

మీరున్న చోటి నిబంధన కూడా చూసుకోండి. కొన్నిచోట్ల ప్రభుత్వ బడులు చదువుకు తప్పనిసరి అయిన వస్తువుకు తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకోకూడదు. కాలిఫోర్నియాలో 1984లోనే అక్కడి సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో నాటకం, సంగీతం, ఆటల్లాంటి కార్యక్రమాలకు కూడా ఫీజులు చెల్లవని చెప్పింది. ప్రైవేటు బడి అయితే చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితంలో ఈ ఖర్చు ఉందో లేదో చూడండి.

బడికి ఏం రాయాలి

గొడవ పెట్టుకున్నట్టు వద్దు. నేను అటు కూర్చున్నప్పుడు ఇలాంటి ఉత్తరం వస్తే తప్పక జవాబిచ్చేదాన్ని:

"నమస్కారం. మా పాపకు అవసరమైన యంత్రం ఏర్పాటు చేయాలనుకుంటున్నాం. దయచేసి ఇవి తెలియజేయగలరు: కనీసం ఉండాల్సిన ర్యామ్, స్టోరేజీ, ఆపరేటింగ్ సిస్టం, పరీక్షలకు వాడే సాఫ్ట్‌వేర్ పేరు, వారానికి సుమారు ఎన్ని పీరియడ్లలో వాడతారు, ప్యాకేజీలో ఒక్కో వస్తువు ధర, యాప్‌ల చందా ఏయే సంవత్సరాలకు, నిర్వహణ సాఫ్ట్‌వేర్ వేస్తే బడి మారినప్పుడు తీసేసే విధానం. మా దగ్గర ఇప్పటికే ఒక ల్యాప్‌టాప్ ఉంది, దాని వివరాలు జత చేస్తున్నాం. సరిపోతుందా?"

ఆర్డరు గడువుకు మూడు వారాల ముందే పంపండి. చివరి రోజు అడిగితే ఎవరైనా "లిస్టులో ఉన్నదే తెచ్చుకోండి" అంటారు. ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు ఇదే ఉత్తరం విడివిడిగా పంపితే ఇంకా మంచిది. మూడో ఉత్తరం రాగానే మేము మీటింగు పెట్టుకునేవాళ్లం.

ఇక మీ ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్. అది విండోస్ 11కు అర్హమైతే, 8 జీబీ ర్యామ్ ఉంటే, పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించి, కొత్త బ్యాటరీ పెట్టిస్తే రెండు మూడేళ్లు హాయిగా నడుస్తుంది. అర్హం కాకపోయినా, బడి వాడేదంతా బ్రౌజర్‌లోనే ఉంటే పాత ల్యాప్‌టాప్‌ల కోసం గూగుల్ ఇచ్చే ఆపరేటింగ్ సిస్టం క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ ఉచితంగా వేసుకోవచ్చు. ప్లే స్టోర్ యాప్‌లు మాత్రం అందులో నడవవు, కాబట్టి ఆ రెండు యాప్‌లు బ్రౌజర్‌లో తెరుచుకుంటాయో లేదో ముందు చూడండి. మోడల్ నంబరు, ర్యామ్, ఏ ఏడాదిదో రాయండి. వాటితో పాటు ఆ రెండు యాప్‌ల పేర్లు కూడా ఇస్తే, దాంతో సరిపెట్టుకోవచ్చో లేదో చెబుతాను.